దీపము, నాడి, అంకెలు

డోర్నకల్ జంక్షను పేరు రైలు ప్రయాణము చేయు తెలుగువారికి క్రొత్తది కాదు. కాజీపేట నుండి విజయవాడకు పోవు ప్రధాన మార్గమున ఈ స్టేషనులోనే కారేపల్లి మీదుగా కొత్తగూడెము, మణుగూరుల వైపు పోవు శాఖ చీలుచున్నది. చిరకాలము వరంగల్లు జిల్లాకు చెందియుండి, 2016 అక్టోబరులో మహబూబాబాదు జిల్లాలో చేరిన ఈ చిన్న పట్టణమునకు రెండు విధముల ప్రసిద్ధి కలదు. ఆంగ్లికన్ క్రైస్తవ సంఘమున బిషప్పు పదవి నందిన మొదటి భారతీయుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరులో అభిషిక్తుడై ఇచ్చటనే తన పీఠమును నెలకొల్పెను. అది యొక ప్రసిద్ధి. రెండవది బొగ్గు వలన వచ్చినది.

1871లో భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టరు కింగ్ ఎల్లందు ప్రాంతమున బొగ్గుపొరను గుర్తించెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ దానిని త్రవ్వుకొను హక్కును సంపాదించినది. ఆ వెంటనే నిజాము రాష్ట్రపు రైలుమార్గము ఈ ప్రాంతమునకు వచ్చినది. 1920 డిసెంబరులో ఏర్పడిన సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ గనులకు నేటికిని యజమాని. ఎల్లందు వైపు గనుల బొగ్గు డోర్నకల్ మీదుగా రైలింజనుల పొయ్యిలకును, మిల్లుల బాయిలర్లకును చేరెడిది.

ఆనాడు శక్తి యనగా బరువు. దానిని వాగన్లలో నింపి, ఇంజనుతో లాగి, పారలతో దింపవలసి యుండెను. వైద్యమనగా నడక. డాక్టరు సంచి పట్టుకొని రోగి యింటికి నడవవలెను. లేదా నలుగురు మనుష్యులు రోగిని మంచముపై మోసికొని డాక్టరు వద్దకు నడవవలెను. ఈ రెండింటను ఇప్పుడు ఒక మార్పు వచ్చినది. బొగ్గును మోయకుండ, రోగిని మోయకుండ, వానిని గూర్చిన సమాచారమును మాత్రము అంకెల రూపమున క్షణములో వందల మైళ్లు పంపగలుగుచున్నాము. దీనినే డిజిటల్ విధానమని పిలుచుచున్నారు. ఈ విధానము ఎట్లు పనిచేయును? మన దీపమునకును, మన నాడికిని దాని వలన కలిగిన మేలెట్టిది? ఎచ్చట మనము జాగ్రత్త వహింపవలెను? ఈ మూడు ప్రశ్నలను క్రమముగా పరిశీలింతము.

అంకెల విద్య

డిజిటల్ అను మాట వ్రేలు అను అర్థము గల లాటిన్ పదము నుండి పుట్టినది. వ్రేళ్లతో లెక్కించుట మనుష్యుని మొదటి గణితము. నేటి యంత్రములకు పది వ్రేళ్లు లేవు. రెండే గుర్తులు తెలియును. విద్యుత్తు ఉన్నది, లేదు. ఈ పద్ధతి రైల్వే స్టేషనుల తంతి గదులకు క్రొత్తది కాదు. చుక్క, గీత అను రెండు గుర్తులతోనే తంతి గుమాస్తా అక్షరములన్నింటిని పంపెడివాడు. మన దేశమున తంతి సేవ 2013 జూలైలో ముగిసినది గాని, దాని మూలసూత్రము మన చేతిలోని సెల్ ఫోనులో సజీవముగా నున్నది.

ఒక ఉదాహరణము చూతము. ఒక వరుసలో ఎనిమిది దీపములున్నవనుకొనుడు. ఒక్కొక్కటి వెలుగవచ్చును, ఆరియుండవచ్చును. వెలుగు చీకటుల కలయికలను లెక్కించినచో 256 వేర్వేరు అమరికలు వచ్చును. మనుష్యుని జ్వరమును తెలుపుటకు ఇవి చాలును. 85.0 డిగ్రీలకు మొదటి అమరిక, 85.1కి రెండవది, ఇట్లు పదవ వంతు చొప్పున లెక్కించుచు పోయినచో 256వ అమరిక 110.5 డిగ్రీల ఫారన్‌హీటుకు సరిపోవును. ఎనిమిది దీపములను దూరము నుండి చూడగలిగినవాడు రోగిని తాకకయే జ్వరమెంతయో చెప్పగలడు.

ఇంత శ్రమ ఏల, నేరుగా చెప్పరాదా యని ఎవరైనను అడుగవచ్చును. రేడియో శ్రోతలకు దీని జవాబు అనుభవపూర్వకముగా తెలియును. మీడియం వేవు మీద కార్యక్రమము వినుచుండగా దూరమున మెరుపు మెరసినచో పెట్టెలో చిటపటలు వినవచ్చును. వక్త కంఠమును, మెరుపు చప్పుడును ఎడతెగని అలలే. ఏది మాటయో ఏది చప్పుడో యంత్రము పూర్తిగా వేరుచేయజాలదు. దీపముల పద్ధతిలో అట్టి చిక్కు చాలవరకు లేదు. దీపము కొంత మసకబారినను అది వెలుగుచున్నదనియే లెక్క. త్రోవలోని ప్రతి మజిలీలోను ఆ గుర్తును చదివి, మరల నిండు వెలుగుతో వెలిగించి ముందునకు పంపవచ్చును. ఇక తొమ్మిదవ దీపమొకటి చేర్చి, వెలుగు దీపముల సంఖ్య ఎల్లప్పుడును సరిసంఖ్యగా నుండవలెనని నియమము పెట్టుకొన్నచో, దారిలో ఏ ఒక్క దీపము తారుమారైనను బేసి సంఖ్య కనబడి తప్పు బయటపడును. దూరము పోయినను చెడకుండుట, చెడినచో తెలిసిపోవుట, ఈ రెండు గుణముల వలననే అంకె వార్తాహరుడైనది.

కావున ఈ విద్యలో ఐదు మెట్లు కలవు. కొలుచుట, అంకెగా మార్చుట, పంపుట, పోల్చి నిర్ణయించుట, ఆ నిర్ణయమును చేతలో పెట్టుట. విద్యుత్ కేంద్రమైనను, ఆసుపత్రియైనను మెట్లు ఇవే. మొదటి నాలుగింటిని యంత్రములు చేయగలవు. ఐదవ మెట్టు వద్ద తరచుగా ఒక లైన్‌మానో, ఒక నర్సో, ఒక ఆశా కార్యకర్తయో నిలిచియుండును. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరిక.

దేశపు నాడి

బియ్యమును గాదెలో నిలువచేసికొనవచ్చును. విద్యుత్తును పెద్ద మొత్తములో అట్లు నిలువచేయుట కష్టము, ఖర్చుతో కూడిన పని. దేశమంతట ఏ క్షణమున ఎంత వాడుదురో ఆ క్షణమున అంతయే పుట్టింపవలెను. ఈ సమతూకమును తెలుపు నాడి యొకటి కలదు. మన యిండ్లకు వచ్చు విద్యుత్తు సెకనుకు 50 మారులు ఊగును. దీనినే పౌనఃపున్యమందురు. వాడకము పెరిగినచో జనరేటర్లు మిట్ట ఎక్కుచున్న ఎడ్లబండి వలె మందగించును. పౌనఃపున్యము 50కి దిగువకు జారును. వాడకము తగ్గినచో పల్లమున దిగు బండి వలె వేగము పుంజుకొనును. మన దేశపు నిబంధనల ప్రకారము ఈ నాడి 49.90, 50.05ల నడుమ నుండవలెను. వైద్యుడు రోగి మణికట్టును పట్టుకొన్నట్లు, లోడు డెస్పాచి కేంద్రములలోని ఇంజనీర్లు రేయింబవళ్లు ఈ అంకెను కనిపెట్టుచుందురు.

ఈ నాడి తప్పినచో ఏమగునో 2012 జూలై 30, 31 తేదీలలో దేశము చూచినది. ఉత్తర, తూర్పు, ఈశాన్య భారత గ్రిడ్లు కూలి, సుమారు 60 కోట్ల ప్రజలు నివసించు ప్రాంతములు చీకటిలో మునిగినవి. దక్షిణ గ్రిడ్డు ఆనాటికి వానితో ఒకే లయలో కలియనందున మన ప్రాంతమునకు ఆ విపత్తు తగులలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపురముల మధ్య 765 కిలోవోల్టుల తీగ ద్వారా దక్షిణ గ్రిడ్డు కూడ మిగిలిన దేశముతో కలిసినది. నాటి నుండి కాశ్మీరము మొదలు కన్యాకుమారి వరకు జనరేటర్లన్నియు ఒకే తాళమునకు తిరుగుచున్నవి. కలిమిలో పాలు దొరకినది. ప్రమాదములోను పాలు దొరకినది. అందుచేతనే కొలతకు ఇంతటి ప్రాముఖ్యము.

2020 ఏప్రిల్ 5వ తేదీ రాత్రి 9 గంటలకు దేశమంతట దీపములార్పి తొమ్మిది నిమిషములు దివ్వెలు వెలిగించిన ఘట్టము అనేకులకు జ్ఞాపకముండును. ఆ కొద్ది సేపటిలో దేశపు విద్యుత్ వాడకము సుమారు 31 వేల మెగావాట్లు పడిపోయి, మరల లేచినది. అంతటి కుదుపులోను గ్రిడ్డు కూలలేదు. ముఖ్యముగా జలవిద్యుత్ కేంద్రములను ముందుగా సిద్ధపరచి, అవసరమును బట్టి వేగముగా తగ్గించి మరల పెంచిరి. ఎచ్చట ఎంత తగ్గుచున్నదో క్షణక్షణము అంకెలు వచ్చుచుండుట చేతనే ఇది సాధ్యమైనది. ఒకనాడు ఈ పని టెలిఫోను సంభాషణల మీదను, చేతివ్రాత లాగు పుస్తకముల మీదను ఆధారపడి జరిగెడిది. నేడు దినమును 15 నిమిషముల చొప్పున 96 భాగములుగా విభజించి, ప్రతి భాగమునకు ఎవరెంత పుట్టింపవలెనో, ఎవరెంత తీసికొనవలెనో ముందే పట్టిక వేయుచున్నారు.

సూర్యశక్తి వచ్చిన పిదప ఈ పట్టిక వేయుట మరింత నేర్పు గల పని యైనది. రామగుండములో జలాశయము మీద తేలు 100 మెగావాట్ల సౌర కేంద్రము 2022 జూలై నాటికి పూర్తిగా పనిలోనికి వచ్చినది. బొగ్గు కేంద్రమునకు బొగ్గు ఎంత యున్నదో చాలు. సౌర కేంద్రమునకు మబ్బు ఎప్పుడు వచ్చునో తెలియవలెను. ఉపగ్రహపు చిత్రములు, గాలి వేగము, గత దినముల అనుభవము, వీనినన్నింటిని అంకెలుగా పోల్చి కంప్యూటర్లు ముందుగా అంచనా వేయుచున్నవి. మబ్బు కమ్ముటకు ముందే వేరొక కేంద్రమును హెచ్చరించుటకు ఈ అంచనాలే ఆధారము.

గని లోపల

బొగ్గు పుట్టు చోట అంకె ప్రాణరక్షకమైనది. భూగర్భ గనులలో మీథేను అను వాయువు ఊరుచుండును. గాలిలో అది నూటికి 5 నుండి 15 పాళ్ల వరకు చేరినచో నిప్పురవ్వ తగులగానే ప్రేలును. 1815లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ కనిపెట్టిన రక్షణ దీపమే చిరకాలము దీనికి కొలమానము. దీపశిఖ పైన కనబడు నీలివర్ణపు టోపీ ఎత్తును చూచి, అనుభవజ్ఞుడైన ఉద్యోగి వాయువెంత యున్నదో చెప్పెడివాడు. అది కంటికి సంబంధించిన నేర్పు. అలసిన కన్ను పొరబడవచ్చును.

నేటి సెన్సరు వాయువును నూటికి ఎన్ని పాళ్లని అంకెలో చూపి, ఆ అంకెను ఉపరితలమునకు పంపుచుండును. మన దేశపు బొగ్గు గనుల నిబంధనల ప్రకారము మీథేను నూటికి 1.25 పాళ్లు దాటినచో ఆ భాగమునకు వెంటనే విద్యుత్తు నిలుపవలెను. ప్రేలుటకు కావలసిన పాలు 5. నిలుపవలసిన పాలు 1.25. ఈ రెంటి నడుమ నున్న ఎడమే గనికార్మికుని ఆయుర్దాయము. బొగ్గు తనంతట తాను వేడెక్కి రగులుకొనునపుడు వెలువడు కార్బన్ మోనాక్సైడును కూడ ఇట్లే కనిపెట్టవచ్చును. పొగ కంటికి కనబడక మునుపే అంకె కదలును.

ఇంటి మీటరు

ఇక మన గుమ్మము వద్దకు వత్తము. పాత మీటరులో అల్యూమినియము చక్రమొకటి తిరుగుచుండెడిది. వెయ్యి వాట్ల హీటరు ఒక గంట పనిచేసినచో ఒక యూనిట్టు. నెలకొకసారి ఉద్యోగి వచ్చి సంఖ్య వ్రాసికొని పోవుట ఆచారము. స్మార్ట్ మీటరు నిర్ణీత కాలాంతరములలో తానే వాడకమును కొలిచి కార్యాలయమునకు పంపును. దేశమంతట వీనిని అమర్చుటకు కేంద్ర ప్రభుత్వము 2021లో పంపిణీ రంగపు సంస్కరణ పథకము నొకదానిని ప్రారంభించినది. ఆ పని పలు రాష్ట్రములలో జరుగుచున్నది.

దీని వలన విద్యుత్ సంస్థకు కలుగు లాభము బిల్లు మాత్రమే కాదు. ట్రాన్స్‌ఫార్మరు వద్ద కూడ మీటరు ఉన్నచో, దాని మీద ఏ వేళ ఎంత భారము పడుచున్నదో తెలియును. నాట్ల కాలములో మోటార్లన్నియు ఒక్కసారి తిరిగి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయిన పిదప రైతులు చందాలు వేసికొని, బండి కట్టి, బాగుచేయు చోటునకు దానిని మోసికొని పోవుట మన గ్రామములలో తెలిసిన కష్టమే. వేడి పెరుగుచుండగనే సమాచారము చేరినచో, కాలకముందే భారమును పంచవచ్చును. అయితే సమాచారము చేరుట వేరు, లైన్‌మాన్ చేరుట వేరు. అంకె క్షణములో పోయినను, స్తంభము ఎక్కవలసిన మనుష్యులు చాలినంత మంది లేనిచో ఆ వేగమునకు ఫలము లేదు.

అరగొండ నుండి ఆరోగ్య కేంద్రము వరకు

వైద్యరంగమున ఈ విద్యకు తెలుగుదేశము తొలి ప్రయోగశాలలలో నొకటి. చిత్తూరు జిల్లాలోని అరగొండ గ్రామమున అపోలో ఆసుపత్రుల వారు, భారత అంతరిక్ష పరిశోధన సంస్థ తోడ్పాటుతో, ఉపగ్రహము ద్వారా దూరవైద్య కేంద్రమును నెలకొల్పిరి. 2000 మార్చి 24న హైదరాబాదు వచ్చియున్న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ దానిని లాంఛనముగా ప్రారంభించెను. గ్రామములో తీసిన ఎక్స్‌రే చిత్రమును, గుండె కొట్టుకొను రేఖను నగరమునందలి నిపుణుడు చూచి సలహా చెప్పగలుగుట ఆనాడు వింతగా నుండెను.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైన 108 సేవ వేరొక విధమైన మార్పు తెచ్చినది. అంబులెన్సులు అంతకుముందును ఉండెను. ఎచ్చట ఏ బండి ఖాళీగా నున్నదో, పిలిచినవారికి ఏది దగ్గరయో ఒకే చోట తెలియుట క్రొత్త. తరువాత అది అనేక రాష్ట్రములకు వ్యాపించినది.

2019 నవంబరులో ఆరంభమైన ఈ-సంజీవని ద్వారా ఉపకేంద్రములోని ఆరోగ్య కార్యకర్త రోగిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, దూరముననున్న డాక్టరుతో మాట్లాడించుచున్నది. దీనిని అధికముగా వినియోగించిన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు రెండును కలవు. దూరవైద్యమునకు నియమావళి 2020 మార్చిలో వెలువడినది.

రక్తపరీక్షల సంగతి మరియొకటి. తెలంగాణ ప్రభుత్వము 2018లో హైదరాబాదులో ప్రారంభించిన రోగనిర్ధారణ కేంద్రపు పద్ధతిని 2021 జూనులో ఖమ్మము, మహబూబాబాదు, కొత్తగూడెము మొదలగు 19 జిల్లా కేంద్రములకు విస్తరింపజేసినది. రక్తపు నమూనా ప్రాథమిక ఆరోగ్య కేంద్రము నుండి బండిలో జిల్లా కేంద్రమునకు పోవును. ఫలితము అంకెల రూపమున తిరిగి వచ్చును. డోర్నకల్ మండలపు తండాలోని కూలి మనిషికి దీని విలువ ఏమి? పరీక్షకొక రోజు, ఫలితమునకొక రోజు పట్టణమునకు పోవలసియున్నచో ఆమె పోగొట్టుకొనునది బస్సు చార్జీ మాత్రమే కాదు, రెండు దినముల కూలి కూడ. అనేకులు ఆ లెక్క చూచుకొనియే పరీక్ష మానుదురు. అంకె ఇచ్చట ఆదా చేసినది ఆమె కాలమును.

క్షయవ్యాధి విషయము గమనింపదగినది. 1895లో రాంట్జెన్ కనుగొన్న ఎక్స్‌రే చాలకాలము ఫిల్ము మీదనే ముద్రింపబడెడిది. ఇప్పుడది అంకెల చిత్రము. చేత పట్టుకొనదగిన యంత్రములు వచ్చినవి. కంప్యూటరు ఆ చిత్రమును చదివి అనుమానము గల ఛాయలను వేరుచేయుటను, 15 ఏండ్లు దాటినవారి విషయమున, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆమోదించినది. కంప్యూటరు చేయునది జల్లెడ పని మాత్రమే. అనుమానము కలిగినవారి కఫమును పరీక్షించి రోగమును నిర్ధారించుట, ఆరు నెలలు మందులు మానకుండ చూచుట, పోషకాహారము అందించుట మనుష్యుల పనియే.

శక్తి, వైద్యము కలియు చోటు

ఈ రెండు రంగములు వేరువేరని అనుకొందుము గాని, టీకా మందుల పెట్టె వద్ద అవి ఒక్కటియగును. టీకాలు అనేకము 2 నుండి 8 డిగ్రీల సెంటిగ్రేడుల నడుమ నుండవలెను. వేడెక్కినచో కొన్ని చెడును. పసిబిడ్డలకు వేయు పెంటావాలెంటు టీకా వంటివి గడ్డకట్టినను చెడును. సీసాను చూచినంత మాత్రమున ఆ సంగతి తెలియదు. రాత్రి కరెంటు పోయి, ఉదయము వచ్చినచో, నడుమ ఏమి జరిగినదో ఎవరు చెప్పగలరు?

2015లో కొన్ని రాష్ట్రములలో ఆరంభమై తరువాత దేశమంతట వ్యాపించిన ఈ-విన్ అను పద్ధతి దీనికి జవాబు. రిఫ్రిజిరేటరులో నుంచిన చిన్న యంత్రము ఉష్ణోగ్రతను కొలిచి పంపుచుండును. హద్దు దాటగానే బాధ్యుని ఫోనుకు హెచ్చరిక చేరును. ఏ కేంద్రములో ఏ టీకా ఎన్ని మోతాదులున్నవో కూడ అందే కనబడును. ఒక తల్లి బిడ్డనెత్తుకొని మూడు మైళ్లు నడచివచ్చి, టీకా లేదనిపించుకొని తిరిగిపోవుట తగ్గుటకు ఇది మార్గము.

కాని హెచ్చరిక చేరిన పిదప చేయదగిన పని యొకటి ఉండవలెను గదా! మన పొరుగు రాష్ట్రమైన ఛత్తీస్‌గఢ్‌లో వందలాది ప్రాథమిక ఆరోగ్య కేంద్రములకు సౌరఫలకములు, బ్యాటరీలు అమర్చిరి. కాన్పు గదిలో రాత్రివేళ దీపము ఆరదు. టీకాల పెట్టె వేడెక్కదు. దీపము నిలిచిన చోటనే నాడిని చూడగలము. డిజిటల్ వైద్యమునకు మొదటి మందు ఎడతెగని కరెంటు.

అంకె తప్పినపుడు

అంకె చెప్పినదంతయు సత్యమని నమ్మరాదు. కోవిడు దినములలో వ్రేలికి తగిలించుకొను ఆక్సీమీటరు ఇంటింటికి వచ్చినది. అది చర్మము గుండ కాంతిని పంపి రక్తములోని ప్రాణవాయువును లెక్కించును. అమెరికాలో 2020 డిసెంబరులో ప్రకటింపబడిన పరిశోధనములో, ఆక్సీమీటరు పట్టుకొనలేని ప్రాణవాయు లోపము తెల్లవారి కంటె నల్లవారిలో సుమారు మూడు రెట్లు తరచుగా కనబడినది. చర్మపు రంగు ముదిరినకొలది యంత్రము ప్రాణవాయువును ఉన్నదానికంటె ఎక్కువగా చూపవచ్చునన్నమాట. నల్లని, చామనచాయ దేహములు గల మన ప్రజలకు ఇది చిన్న సంగతి కాదు. ఆయాసము కనబడుచున్నను అంకె బాగున్నదని రోగిని ఇంటికి పంపుట ప్రమాదము. యంత్రమును ఎవరి దేహములపై పరీక్షించి తయారుచేసిరో అడుగు హక్కు మనకు కలదు.

రెండవ ప్రమాదము తాళముల విషయము. 2022 నవంబరు 23న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ కంప్యూటర్లపై దాడి జరిగి, అనేక దినములు అక్కడి సేవలు చేతివ్రాతతో నడువవలసివచ్చెను. అంత పెద్ద ఆసుపత్రికే అట్లయినది. కావున కాగితముతో పని నడుపు నేర్పును ఆసుపత్రులు మరువరాదు.

మూడవది గోప్యత. స్మార్ట్ మీటరు అంకెలను చూచి ఆ యింట ఎప్పుడు నిద్రింతురో, ఎప్పుడు ఊరికి పోవుదురో ఊహింపవచ్చును. ఆరోగ్యపు అంకెలు అంతకంటె సున్నితములు. 2021 సెప్టెంబరు నుండి దేశమంతట ఇచ్చుచున్న ఆభా అను 14 అంకెల ఆరోగ్య సంఖ్య ఐచ్ఛికము. దానికి ముడిపడిన వివరములను రోగి సమ్మతి మీదనే ఇతరులు చూడవలెనని నియమము. 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టము కూడ చేసినది. చట్టము పుస్తకములో నుండుటకును, ఆసుపత్రి కౌంటరు వద్ద అమలగుటకును గల దూరమును తగ్గింపవలసినది మనమే.

నాలుగవది అన్నింటికంటె ముఖ్యము. అనేక కుటుంబములలో ఫోను ఒక్కటియే. అది ఇంటి యజమాని జేబులో నుండును. భార్య రక్తహీనతను గూర్చిన ఫలితము ఆయన ఫోనుకు వచ్చును. ఆయన పొలములో నుండవచ్చును, వలస పోయి యుండవచ్చును, ఇంగ్లీషులోనున్న ఆ సందేశమును చదువలేక తుడిచివేసియు నుండవచ్చును. కంప్యూటరు లెక్కలో ఫలితము చేరినది. ఆ యిల్లాలికి చేరలేదు. చేరనిది చేరినట్లు వ్రాయబడుట, ఏమియు వ్రాయకుండుట కంటె హాని. ఏలయన, ఆమెను వెదకికొని పోవలసిన అవసరము ఎవరికిని కనబడదు. ఆశా కార్యకర్త ఇంటి గడప వద్దకు వచ్చి, “అమ్మా, నీకు రక్తము తక్కువగా నున్నది, ఈ మాత్రలు ఇట్లు వేసికొనుము” అని చెప్పిననాడే ఆ అంకె ప్రయాణము ముగిసినట్లు.

గృహస్థులు చేయదగినవి

ఈ విషయములో మన వంతు పనులు కొన్ని కలవు. మీటరు మీద అంకెను నెలకొకసారియైనను మనమే చదివి వ్రాసికొనవలెను. బిల్లులో అనుమానమున్నచో ఊరకుండరాదు. వినియోగదారుల హక్కులను గూర్చిన కేంద్ర నియమములు 2024 ఫిబ్రవరిలో సవరింపబడి, ఫిర్యాదు అందిన ఐదు దినములలో సరిచూచుటకు వేరొక మీటరును అమర్చవలెనని, కనీసము మూడు నెలలు దానితో పోల్చవలెనని చెప్పుచున్నవి. పరీక్షా ఫలితములను ఫోనులో దాచుకొన్నను, ఒక ప్రతిని కాగితము మీద ఉంచుకొనవలెను. ఆరోగ్య కేంద్రములో ఫోను నంబరు ఇచ్చునపుడు, రోగి ఫోనా, ఇతరుల ఫోనా చెప్పి వ్రాయింపవలెను. సమ్మతి కోరినచో ఎవరికి, దేనికొరకు, ఎంతకాలమని అడుగవలెను. ఇంట ఆక్సీమీటరు, రక్తపోటు యంత్రము ఉన్నవారు వాని అంకెను రోగి ముఖముతో, శ్వాసతో పోల్చి చూడవలెను. అంకె ఒకటి, మనిషి తీరు వేరొకటిగా నున్నచో మనిషినే నమ్మి వైద్యుని వద్దకు పోవలెను. ఇరుగుపొరుగున ఫోను లేని వృద్ధులున్నచో, వారి ఫలితములను కనుగొని చదివి చెప్పుట చదువుకొన్న పిల్లలకు అప్పగింపదగిన మంచి పని.

గ్రామసభలలో అడుగవలసిన ప్రశ్నలును కలవు. మన ఆరోగ్య కేంద్రమునకు కరెంటు పోయినపుడు ఆధారమేమి? టీకాల పెట్టెకు బ్యాటరీ కలదా? మన లైన్‌మాన్ ఎన్ని గ్రామములు చూడవలసియున్నది? మన ఆశా కార్యకర్తకు ఇచ్చిన ఫోను పనిచేయుచున్నదా? యంత్రములు వచ్చినవని సంతోషించువారు ఈ ప్రశ్నలు అడుగుట మానరాదు.

నూట ముప్పది ఏండ్లకు పైగా డోర్నకల్ కూడలిలో రెండు మార్గములు కలియుచున్నవి. శాఖామార్గము వలననే ఆ జంక్షనుకు విలువ. బొగ్గు పుట్టినది చిన్న ఊళ్లలో, వెలిగినది పెద్ద నగరములలో. అంకెల మార్గము కూడ అట్లు ఏకముఖముగా నుండరాదు. పల్లె నుండి కొలతలు నగరమునకు పోవుట ఎంత సులభమో, నగరము నుండి చికిత్స, మరమ్మతు, మనుష్యులు పల్లెకు వచ్చుట అంత సులభము కావలెను. తండాలోని బాలింత గది దీపము ఆరకుండుట, ఆమె నాడి అంకె వైద్యునికి చేరుట, వైద్యుని మాట తిరిగి ఆమెకు ఆమె భాషలో చేరుట, ఈ మూడును జరిగిన దినమున డిజిటల్ విధానము మన ఊరికి నిజముగా వచ్చినదని చెప్పుకొనవచ్చును.